అడిగి తీసుకున్న అర పాయింటు

నాలుగో రౌండులో ఎవరు ఎవరితో ఆడాలో రాసిన కాగితాన్ని మనోహర్ గారు గోడకి అంటించగానే, ఎబెన్ మెడ చాచి తన పేరు వెతుక్కున్నాడు. మూడో బల్ల. నల్లపావులు. ఎదురుగా రాసి ఉన్న పేరు శ్రీవిద్య.

అతను వరండాలోకి వెళ్ళి కుళాయి కింద ముఖం పెట్టాడు. నీళ్ళు మెడ మీదుగా చొక్కాలోకి కారుతున్నా చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

భిలాయి సెక్టార్ ఆరులో తెలుగువాళ్ళ క్లబ్బు ఒకటి ఉంది. ఏటా వానాకాలంలో ఆరు ఆదివారాలు అక్కడ చదరంగం పోటీ జరుగుతుంది. స్టీల్ ప్లాంటు ఆఫీసర్లు, రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు కలిపి ముప్పైమంది దాకా వస్తారు. ఎవరూ గొప్ప ఆటగాళ్ళు కారు. కానీ ఆదివారం ఓడిపోతే మంగళవారం దాకా అన్నం సయించనివాళ్ళే అందరూ.

ఎబెన్‌కి నలభై నాలుగేళ్ళు. ప్లాంటు ల్యాబులో పని. తండ్రి భీమిలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పోయాడు. తల్లి కృపమ్మ నర్సు చేసి రిటైరైంది. ఎబెన్ ఒకప్పుడు క్లబ్బులో మొదటి ఐదుగురిలో ఉండేవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆట మానేసి, మళ్ళీ ఈ ఏడే వచ్చాడు. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు. గిరీష్ చనిపోయిన రోజు ఆఖరి ఆట ఆడింది ఇతనితోనే కాబట్టి, ఆ దిగులుతో మానేశాడని అందరూ అనుకున్నారు. ఆ మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడేవారు. వాళ్ళు చూపించే ఆ గౌరవమే ఎబెన్ భరించలేకపోయేవాడు.

శ్రీవిద్య గిరీష్‌కి అక్క.

తొమ్మిదేళ్ళ కిందట జరిగింది ఇది. ఆ ఏడు పోటీలో మొదటి నలుగురినీ విశాఖపట్నంలో జరిగే తెలుగు సంఘాల టోర్నమెంటుకి పంపుతామన్నారు. ఎబెన్ భార్య క్యాథరిన్ భిలాయిలోనే పుట్టి పెరిగిన మనిషి, అప్పటిదాకా సముద్రం చూడలేదు. ఆఖరి రౌండుకి ముందే ఆమె సూట్‌కేసు దింపి దుమ్ము దులిపింది. ఎబెన్‌కి కావలసింది అర పాయింటు. ఒక్క డ్రా.

అవతల కూర్చున్నది గిరీష్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, రిసాలీలో అమ్మానాన్నలతో, అక్కతో ఉండేవాడు. ఆలోచించేటప్పుడు కింది పెదవిని రెండు వేళ్ళతో పట్టుకుని లాగుకునేవాడు. గెలిస్తే కప్పు అతనిది. నలభయ్యో ఎత్తు దగ్గరికి వచ్చేసరికి అతనికి రెండు బంట్లు ఎక్కువ. ఏనుగు ఏడో వరుసలో పాతుకుని కూర్చుంది. పది ఎత్తుల్లో అయిపోయే ఆట.

ఎబెన్ లేచి వరండాలోకి వెళ్ళాడు. ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎవరూ లేరు. వానచుక్కలు రేకు మీద పడుతున్నాయి. తిరిగొచ్చి కుర్చీలో కూర్చోకుండానే, పక్క బల్లలకి వినపడకుండా అన్నాడు.

"గిరీష్, మా అమ్మకి బాగోలేదట. సుపేలాలో హాస్పిటల్లో చేర్చేరట. నేను ఎల్లాలి… డ్రా అనుకుందామా?"

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా, అది అనబోతున్నానని తనకే తెలియదు.

గిరీష్ బల్ల వైపు చూడనైనా చూడలేదు. చటుక్కున గడియారం ఆపేశాడు. "అరే, ఆట ఏటి భయ్యా! ముందు పోండి. నా బండుంది, దింపీనా?"

"వద్దు వద్దు. ఆటో ఎక్కీస్తాను."

ఇద్దరూ కాగితాల మీద చెరో అర రాసుకుని సంతకాలు పెట్టారు. ఆ అరతో ఎబెన్‌కి నాలుగో స్థానం వచ్చింది. గిరీష్‌కి కప్పు పోయింది.

ఎబెన్ క్యాంప్ 2లో ఇంటికి వెళ్ళేసరికి కృపమ్మ టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "ఏట్రా, గెలిచేవా?" అంది. "డ్రా" అన్నాడు. ఆమె టీ పెట్టి ఇచ్చింది. అది తాగి, క్యాథరిన్‌తో రైలు సీట్ల గురించి మాట్లాడుతుండగా ఆరున్నరకి ఫోన్ వచ్చింది. సుపేలా దగ్గర వానలో గిరీష్ బండి జారి లారీ కింద పడిందని. అక్కడికక్కడే అయిపోయిందని.

గిరీష్ ఇల్లు రిసాలీలో. అంటే క్లబ్బు నుంచి దక్షిణానికి వెళ్ళాలి. సుపేలా రైలు పట్టాలకి అవతల, పూర్తిగా ఎదురు దిక్కు. ఆ వానలో అటు ఎందుకు వెళ్ళాడో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

మర్నాడు ఎబెన్ ఆ ఇంటికి వెళ్ళాడు. గిరీష్ తల్లి వరలక్ష్మమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో పోలీసులు ఇచ్చిన ప్లాస్టిక్ సంచీ. అందులో డజను బత్తాయిలు, ఒక గ్లూకోజు పాకెట్టు. వచ్చిన ప్రతివాళ్ళకీ సంచీ తెరిచి చూపిస్తోంది. "ఇవి ఎవరికో చెప్పండమ్మా. మా ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోలేకపోలేదు. ఎవరికి కొన్నాడో చెప్పండి."

ఎబెన్ ముందుకి కూడా తెచ్చి చూపించింది. అతను నోరు తెరిచాడు. అంతలో శవాన్ని లేవదీస్తున్నారని ఎవరో పిలిచారు. నోరు మూసుకున్నాడు.

వాళ్ళు విశాఖపట్నం వెళ్ళలేదు. క్యాథరిన్ సూట్‌కేసు మళ్ళీ అటక మీద పెట్టేసింది, ఒక్క మాట కూడా అడక్కుండా.

ఆ తరువాత ఎబెన్ ఇంట్లో ఒంటరిగా బోర్డు పెట్టుకుని చూశాడు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉండేది, కానీ ఖాళీగా ఉన్నట్టు అనిపించేది కాదు. తన ఎత్తు వేసి తల ఎత్తేలోగా అవతల ఎవరో పెదవి వదిలేసి చెయ్యి కిందికి దించుకున్నట్టు ఉండేది. ఒకసారి క్యాథరిన్ గదిలోకి వచ్చి, "అరే, ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడిగింది. తాను మాట్లాడుతున్నానని అతనికి తెలియదు. బోర్డు మడిచి బీరువా వెనక పెట్టేశాడు. అయినా ఆటో ఎక్కితే చాలు, చెవి పక్కనే "ముందు పోండి" అని వినిపించేది. కోపంగా కాదు. కంగారుగా, ప్రేమగా. అదే అతన్ని చంపేది.

రెండేళ్ళ కిందట కృపమ్మకి నిజంగానే జబ్బు చేసింది. సుపేలాలోనే ఒక నర్సింగ్ హోములో చేర్చారు. మూడో రోజు మధ్యాహ్నం ఎబెన్ మందులు కొనుక్కుని వస్తుంటే రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి పిలిచింది.

"భయ్యా, ఇప్పుడే ఒకాయన వచ్చి కృపమ్మ గారు ఏ వార్డు అని అడిగారు. పైన అని చెప్పేలోగా వెళ్ళిపోయారు."

"ఎవరు?"

"తెలీదు. హెల్మెట్ పెట్టుకునే ఉన్నారు. వానలో తడిసి వచ్చారు."

ఎబెన్ బయటికి చూశాడు. మే నెల. రోడ్డు మీద తారు కరుగుతోంది.

తరువాత చర్చిలో ఒక్కొక్కరినీ అడిగాడు. ఆ రోజు ఎవరూ వెళ్ళలేదన్నారు. ఆ అమ్మాయి మరో పేషెంటుతో పొరపాటుపడి ఉంటుందని, ఎవరో నెత్తిన నీళ్ళు పోసుకుని వచ్చి ఉంటారని తనకి తానే చెప్పుకున్నాడు. వారం తరువాత కృపమ్మ పోయింది. పోయే ముందు రోజు, "ఆ బాబుకి కుర్చీ ఎయ్యరా, నిలబడే ఉన్నాడు" అంది. గదిలో ఎబెన్ ఒక్కడే ఉన్నాడు. అతనూ కూర్చునే ఉన్నాడు.

అందుకే ఈ ఏడు క్లబ్బుకి వచ్చాడు. ఇంట్లో కుర్చీలకి భయపడి బతకడం కంటే, మనుషులు కూర్చున్న కుర్చీల ఎదుట కూర్చోవడం నయమనిపించింది. శ్రీవిద్య కూడా ఈ ఏడే చేరిందని అతనికి రెండో ఆదివారం తెలిసింది. అప్పటి నుంచీ ఆ కాగితం మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన పడకూడదని ప్రార్థించాడు.

శ్రీవిద్య స్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. నలభై దాటింది, కళ్ళజోడు, ముతక నూలు చీర. ఎబెన్ ముఖం తుడుచుకుని వచ్చి కూర్చునేసరికి ఆమె పావులన్నీ గళ్ళ మధ్యకి సర్ది పెట్టుకుంది.

"ఎబెన్ గారూ, ఆట మొదలయ్యేలోగా ఒక మాట అడగనా?"

"అడగండి మేడమ్."

"మా తమ్ముడు ఆఖరి ఆటలో ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ మా దగ్గరుంది. అప్పటికి నాకు ఆట రాదు కదా, అది అర్థం చేసుకుందామనే నేర్చుకున్నాను. నాలుగేళ్ళు పట్టింది. వాడు గెలిచే ఆట అది. రెండు బంట్లు ఎక్కువ. వాడు డ్రా ఎందుకు ఇచ్చేడండీ?"

ఆ గొంతులో నింద లేదు. లెక్కలో ఒక మెట్టు అర్థం కాని పిల్ల అడిగినట్టు అడిగింది.

"ఆట అయ్యేక చెప్తాను" అన్నాడు ఎబెన్.

"తప్పకుండా?"

"తప్పకుండా."

మనోహర్ గారు గంట కొట్టారు.

శ్రీవిద్య నెమ్మదిగా, జాగ్రత్తగా ఆడింది. ఎక్కడా తొందర లేదు, మెరుపూ లేదు. ఎబెన్‌కి ఆలోచన నిలవలేదు. ఇరవయ్యో ఎత్తు దగ్గర ఒక ఆలోచన వచ్చింది. ఓడిపోతే సరి. గౌరవంగా ఓడిపోయి, ఒక పాయింటు ఆమె చేతిలో పెట్టి, ఏదో ఒకటి చెప్పి వెళ్ళిపోవచ్చు. కావలి లేని చోటికి ఒక బంటుని తోసి గడియారం నొక్కాడు.

శ్రీవిద్య దాన్ని తీసుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని అతని వైపు చూసి, చాలా చిన్న గొంతుతో అంది. "ఇది చూసుకోలేదా, ఇచ్చీస్తున్నారా?"

ఎబెన్ ముఖం మండింది.

"ఇచ్చీకండి. నాకు అలాంటివి వద్దు." ఆమె గుర్రాన్ని మరోచోటికి కదిపింది.

ఆ తరువాత ఎబెన్ నిజంగా ఆడాడు. జీవితంలో ఎప్పుడూ లేనంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాడు. మంత్రులు పోయాయి. గుర్రాలు పోయాయి. చెరొక ఏనుగు, చెరో రెండు బంట్లు మిగిలాయి. చుట్టుపక్కల ఆటలు ఒక్కొక్కటే ముగిసి జనం లేచి వచ్చి నిలబడ్డారు. ఎటు చూసినా సమానమైన ఆట అది.

శ్రీవిద్య నీళ్ళ సీసా మూత పెట్టి, "డ్రా అనుకుందామా?" అంది.

అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు. ఎదురుగా ఆమె చెయ్యి గడియారం వైపు వస్తోంది. ఆ చేతి వెనక, ఆమె భుజం పక్కన, ఆట చూస్తున్న జనంలో ఒకతని చొక్కా తడిసి ఒంటికి అంటుకుని ఉంది. ముఖం చూడడానికి ఎబెన్‌కి ధైర్యం చాల్లేదు.

"వద్దు," అన్నాడు గట్టిగానే. "ఆడదాం."

జనంలో ఎవరో నిట్టూర్చారు. "ఇందులో ఇంకేముంది బాబూ" అన్నారు మనోహర్ గారు. నిజానికి ఏమీ లేదు. అయినా ఆడారు. ఏనుగులు మారాయి. ఎబెన్ రాజు నడుచుకుంటూ వెళ్ళి ఆమె బంటు ఒకటి తీసుకుంది. ఆమె అతనిది తీసుకుంది. చివరికి ఆమె బంటు ఇంకొక్క గడి దాటితే మంత్రి అయ్యేది. ఎబెన్ రాజు సరిగ్గా ఆ వేళకి చేరి దాన్ని పట్టుకుంది. అదే సమయంలో అవతల అంచున అతని ఆఖరి బంటు ఆమె రాజుకి చిక్కింది.

బోర్డు మీద రెండు రాజులు మాత్రమే మిగిలాయి. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరూ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. మనోహర్ గారు చెరో అర రాశారు.

ఎబెన్ తల ఎత్తి చూసేసరికి ఆమె వెనక ఎవరూ లేరు. జనం టీ కోసం వెళ్ళిపోయారు.

వరండాలో బెంచీ మీద అతను మొత్తం చెప్పాడు. ఫోన్ రాలేదని. అమ్మకి ఏమీ కాలేదని. ఆ సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ఒలిచిందని. బత్తాయిలు ఎవరికో తనకి తెలుసునని, తెలిసే ఆ ఇంట్లో నిలబడ్డానని. మధ్యలో ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

శ్రీవిద్య చీర కొంగు అంచుని వేళ్ళ మధ్య మడుస్తూ వింది. ఏడవలేదు. అతను ఆపాక అడిగింది.

"హాస్పిటల్ పేరు ఏటని చెప్పేరు?"

"పేరు చెప్పలేదండి. సుపేలా అన్నాను, అంతే."

"మీరు క్లబ్బులోంచి ఎన్నింటికి బయల్దేరేరు?"

"నాలుగుంపావు అయుంటుంది."

"వాడూ మీ వెనకే వెళ్ళిపోయేడని మనోహర్ గారు అప్పుడే చెప్పేరు. యాక్సిడెంట్ అయింది ఆరింటికి." ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఇక్కణ్ణించి సుపేలాకి పావుగంట. మిగతా గంటన్నర వాడు ఏం చేస్తున్నాడండీ?"

ఎబెన్‌కి అర్థం కాలేదు. తరువాత అర్థమైంది.

"అక్కడ ఎన్ని హాస్పిటళ్ళు ఉన్నాయో మీకు తెలుసు కదా," అంది శ్రీవిద్య. "ఒక్కొక్క చోటా ఆగి అడిగి ఉంటాడు. కృపమ్మ గారు ఏ వార్డు అని."

ఎబెన్ రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకున్నాడు. నర్సింగ్ హోములో అమ్మాయి చెప్పిన మాట, అమ్మ అడిగిన కుర్చీ ఒక్కసారి మీద పడ్డాయి. తొమ్మిదేళ్ళలో ఆ గంటన్నర గురించి అతను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. లేని మనిషి కోసం వానలో ఒక మెట్టు దిగి మరో మెట్టు ఎక్కుతూ గిరీష్ తిరుగుతూనే ఉన్నాడు. నర్సింగ్ హోము సంగతి శ్రీవిద్యకి చెప్పాలనుకున్నాడు. చెప్పలేదు. ఆ బరువు ఆమె మీద పెట్టడానికి తనకి హక్కు లేదనిపించింది.

"లేవండి," అంది శ్రీవిద్య.

"ఎక్కడికి?"

"మా అమ్మ దగ్గరికి. ఇది నాకు కాదు చెప్పవలసింది."

రిసాలీ దాకా ఆటోలో ఇద్దరూ చెరో చివర కూర్చున్నారు.

వరలక్ష్మమ్మ ఇప్పుడు బాగా వంగిపోయింది. చెవి సరిగా వినిపించదు. శ్రీవిద్య ఆమె పక్కన స్టూలు వేసి, "అమ్మా, ఈయన తమ్ముడి సంగతి చెప్తారు, విను" అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఎబెన్ గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. తన అబద్ధాన్ని అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. పక్కింటివాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది.

ఆమె అంతా విని, కళ్ళు చికిలించి, "అయితే ఆ పళ్ళు మీ అమ్మగారికా?" అంది.

"అవునండి."

"మీ అమ్మగారు బావున్నారా?"

"పోయేరండి. రెండేళ్ళయింది."

ఆమె తల ఆడించింది. క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. "మళ్ళీ మొదట్నించి చెప్పు బాబూ," అంది. "వాడు నీతో అన్న మాటలు వాడు అన్నట్టే చెప్పు."

ఎబెన్ మళ్ళీ చెప్పాడు. ఆ ఆదివారం మూడుసార్లు చెప్పించుకుంది. వచ్చే ఆదివారం రమ్మంది. అతను వెళ్ళాడు. ఆ సంగతి విని క్యాథరిన్ నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు, "వెళ్తూ ఉండండి, మానకండి" అంది. అతను వచ్చినప్పుడల్లా శ్రీవిద్య లోపలి గదిలోకి వెళ్ళిపోతుంది. క్లబ్బులో ఎదురైతే తల ఊపుతుంది, అంతవరకే. ఎబెన్ అంతకంటే ఎక్కువ ఆశించలేదు. ఆటోలో ఆ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. కాకపోతే ఇప్పుడు దాని గురించి మాట్లాడడానికి ఒక మనిషి ఉంది.

వానలు వెనకపట్టిన ఒక ఆదివారం వరలక్ష్మమ్మ కొత్త ప్రశ్న అడిగింది.

"ఆ రోజు వాడు ఏవైనా తిన్నాడా? పొద్దున్న ఇంట్లో తినకుండా పోయేడు."

ఎబెన్ ఆలోచించాడు. "ఆట ముందు సమోసాలు తెప్పించేరండి. రెండు తిన్నాడు."

ఆమె ముఖం విప్పారింది. "టీ తాగేడా?"

ఎబెన్ ఎంత వెనక్కి వెళ్ళి చూసినా ఆ బల్ల మీద టీ గ్లాసు కనిపించలేదు. అవునంటే సరిపోయేది. ఆ ముసలామె ఆ సాయంత్రం కడుపు నిండినట్టు నిద్రపోయేది. ఆమె చెయ్యి అతని మోకాలి మీద ఉంది, తేలిగ్గా, ఎండిన ఆకులా.

"గుర్తు లేదండి," అన్నాడు.

వరలక్ష్మమ్మ కాసేపు అతని ముఖంలోకి చూసింది. "సరే," అంది. "గుర్తొస్తే చెప్పు."